వెనక చక్రం చూపు

అది కాదు, చక్రానికి చూపేమిటి, చూపుండాల్సింది నడిపేవాళ్ళకు కదా అని నవ్వబోయి ఆపుకుంది ఆమె, ఎందుకంటే చక్రాల వంకర సరిచూసే ఎలైన్‌మెంటు మేస్త్రి నవ్వటం లేదు, తెర మీద అంకెల్నే చూస్తున్నాడు, కారును ర్యాంపు ఎక్కించి నాలుగు చక్రాలకూ నాలుగు పలకలు బిగించాడు, తెర మీద ముందు రెండు చక్రాల బొమ్మలూ పచ్చగా ఉన్నాయి, వెనక కుడిదీ పచ్చగానే ఉంది, వెనక ఎడమది మాత్రం కోపమొచ్చినట్టు ఎర్రగా ఉంది, చూడండి టీచరమ్మా, మూడు చక్రాలూ బుద్ధిగా రోడ్డును చూస్తున్నాయి, ఇదొక్కటే పక్కింటి గోడను చూస్తోంది అంటున్నాడు, టీచరమ్మా అని ఇతనికెవరు చెప్పారు అనుకుంది, ఎవరు చెప్పాలి, కారు నెత్తి మీద డ్రైవింగ్ స్కూలని ఇంత బోర్డు పెట్టుకుని తిరుగుతూ, ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళో సగం మందికి క్లచ్చంటే ఏమిటో నేర్పుతూ, పక్క సీటు కింద తన కాలికందేలా రెండో బ్రేకు పెట్టించుకుని, పిల్లలు చాటుగా బ్రేకు టీచరమ్మ అనుకుంటారని తెలిసి కూడా తెలియనట్టు నడుస్తూ, ఆ పేరంటే లోపల కాస్త ఇష్టం కూడాను, బ్రేకన్నది ఎవరో ఒకరు వెయ్యాలి కదా, లోకమంతా యాక్సిలరేటర్ల మయమైపోతే ఎట్లా, అయినా ఇప్పుడా సంగతెందుకు, సొంత తమ్ముడు మెకానిక్కు, పేరున్న మెకానిక్కు, వర్క్‌షాపు నాలుగు వీధుల అవతలే, అతనికి చెప్పకుండా ఇక్కడికొచ్చి దొంగలా బెంచీ అంచున కూర్చోవటం ఏమిటి తను, పొద్దున కారు కడుగుతుంటే వెనక ఎడమ టైరు లోపలి అంచు చేతికి ఆకురాయిలా తగిలింది, వంగి చూస్తే బయటి అంచు నిన్న కొన్నట్టుంది, లోపలి అంచు ఈకలు ఈకలుగా లేచి అరిగిపోయింది, తమ్ముడికి చూపిస్తే ఏమంటాడో విననక్కర్లేదు, టైరన్నాక అరగదా అక్కా, నీ శిష్యులు దాన్ని మలుపు మలుపుకీ ఈడుస్తుంటే అంటాడు, ఇక్కడికొచ్చానని తెలిస్తే పెరటి చెట్టు మందుకు పనికిరాదంటే ఇదేనన్నమాట అని మూతి ముడుచుకుని నాలుగు రోజులు సరిగ్గా అన్నం తినడు, అందుకే చెప్పలేదు, టైరు సంగతి తేల్చుకుని మాట్లాడకుండా వెళ్ళిపోదామనుకుంది, కానీ మేస్త్రి ఇప్పుడు టార్చిలైటు పట్టుకుని కింద కూర్చున్నాడు, ఈ వెనక భాగం ఎప్పుడైనా విప్పించారా అమ్మా అని అడిగాడు, క్రితం వేసవిలో తమ్ముడే విప్పాడు, వెనక ఆర్ములకు రబ్బరు బుష్షులు పాతబడ్డాయని కొత్తవి వేశాడు, విప్పించానండీ అంది, ఎవరు వేశారని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఎర్రగా ఉన్న ఆ బొమ్మను చూస్తుంటే వానలో తడిసిన రోడ్డు గుర్తొస్తోంది, గుర్తు రాకూడదనుకున్నప్పుడే వస్తుంది, సిమెంటు గిడ్డంగి దగ్గర కుడి మలుపు, స్టీరింగు దగ్గర మరదలు, ఆ తమ్ముడి భార్యే, లైసెన్సు చేతికొచ్చింది గానీ రోడ్డు భయం పోలేదని పొద్దున్నే తనను వెంటబెట్టుకుని బయల్దేరింది, తను పక్క సీట్లో, వాన అప్పుడే ఆగింది, వేగం కూడా ఏమంత లేదు, మరదలు అసలు వేగంగా నడపదు, చీమలకు దారిచ్చి మరీ నడుపుతుంది, మలుపు మధ్యలో ఎదురుగా ఓ సైకిలు కనబడి యాక్సిలరేటరు మీంచి కాలు తీసింది, తీయటం తప్పేమీ కాదు, ఎవరైనా తీస్తారు, తీసీ తీయగానే బండి వెనక భాగం ఎడమకు జారిపోయింది, అప్పుడు మరదలు ఒక్క కేక వేసింది, వదినా, వెనకెవరో లాగుతున్నారు అని, ఆ తర్వాత అంతా ఒక్క రెప్పపాటులో కలిసిపోయింది, స్టీరింగు తిరగటం, తన కాలు బ్రేకు మీద పడటం, బండి అడ్డంగా కొట్టుకుపోవటం, ముందు చక్రం రోడ్డంచు రాయిని ఎక్కటం, స్టీరింగు గిర్రున వెనక్కి తిరిగి మరదలి మణికట్టు పుటుక్కుమనటం, ఆ చప్పుడు మాత్రం విడిగా వినబడుతుంది ఇప్పటికీ, చిన్న చప్పుడే, పుల్ల విరిగినట్టు, సైకిలు మనిషి దిగి వచ్చి అమ్మా ఏమైనా అయిందా అంటే మరదలు ఏం కాలేదండీ, మీకేమైనా తగిలిందా అని అడిగింది, విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని.

తర్వాత మొదలయ్యాయి జోకులు, తమ్ముడికి నోరు ఆగదు, చెడ్డవాడు కాదు, కట్టు కట్టించిన రోజు రాత్రంతా మరదలి పక్కనే కూర్చుని విసురుతూ నిద్రపోలేదు, తెల్లారి చూడటానికొచ్చినవాళ్ళ ముందు మాత్రం మొదలెట్టాడు, మలుపు కుడికి, మా ఆవిడ స్టీరింగు ఎడమకి, రోడ్డు వేసినవాడిదే తప్పు అనుకోండి అని, అందరూ నవ్వారు, మరదలు కూడా నవ్వింది, నవ్వి, నిజంగానే బండి వెనక నుంచి లాగింది తెలుసా అంటే, ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికొకావిడ అన్నాడు, ఇంకా నవ్వారు, ఆ రోజు తను కూడా నవ్వింది, ఎందుకు నవ్వానా అని ఇప్పుడనిపిస్తోంది, నవ్వటానికి కారణం ఉంది, ఆ నవ్వుల మధ్యలో ఎవరో అన్నారు, ఏమైనా పెద్దావిడ సమయానికి బ్రేకు వేయబట్టి సరిపోయింది గానీ లేకపోతే అని, తమ్ముడు అవునండీ, మా అక్క కాలు అదృష్టం కాలు అన్నాడు, ఆ మాటకు తన ముఖం విప్పారే ఉంటుంది, పొగడ్త అంటే పెద్దవాళ్ళకు మాత్రం చేదా, పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టు ఆ జోకు ఇంట్లో కాపురం పెట్టింది, గుమ్మం దగ్గర చెప్పులు ఎడమ పక్కన కనబడితే మా ఆవిడ డ్రైవ్ చేసుకొచ్చినట్టుంది అంటాడు, చపాతీ వంకరగా వస్తే ఇది కూడా గిడ్డంగి మలుపు దగ్గర చేసిందే అంటాడు, మణికట్టు అతుక్కుంది, జోకు మాత్రం విరగలేదు, మరదలు మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు, కారు తుడిచి ఇస్తుంది, తాళం తెచ్చి ఇస్తుంది, కుడి వైపు తలుపు మాత్రం తీయదు, ఇప్పుడేమో రక్తపరీక్షల సెంటరు నుంచి కబురు, మంచం మీంచి లేవలేనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకురావాలి, బండి వాళ్ళే ఇస్తారు, నడుపుకోవటం వచ్చుండాలి, పెళ్ళికి ముందు నేర్చుకున్న పని, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ చేతికందిన పని, సూది గుచ్చితే నొప్పి తెలియదని పేరుండేదట ఆమెకు, ఈ సాయంత్రంలోగా అవుననో కాదనో చెప్పాలి, కాదనేస్తాను వదినా అంది పొద్దున కూరగాయలు తరుగుతూ, మంచం పట్టినవాళ్ళ దగ్గరికి వెళ్ళాల్సిందాన్ని, దారిలో నేనే మంచం పట్టేటట్టున్నాను అని తన మీద తనే జోకు వేసుకుంది, మొగుడి జోకులు ఆడదాని నోటివెంట రావటం మొదలైతే ఇక అవి జోకులు కావు.

టీచరమ్మా ఇలా రండి అని పిలిచాడు మేస్త్రి, ఆమె లేచి వెళ్ళి ర్యాంపు కిందకు వంగింది, అతనికి వినేవాళ్ళు దొరికితే పండగ అని అర్థమైంది, చెప్పటం మొదలుపెడితే చేతులు కూడా మాట్లాడతాయి, ఈ ఆర్ము ఉంది చూశారూ, చక్రాన్ని పట్టుకునేది ఇదే, దీని కొసన రబ్బరు బుష్షు, బండి ఎగిరినప్పుడల్లా ఆర్ము కిందికీ పైకీ ఊగుతుంది, రబ్బరు దాంతోపాటు మెలి తిరుగుతుంది, మళ్ళీ తన చోటికొస్తుంది, అంతే దాని ఉద్యోగం, ఇప్పుడీ బోల్టు వదులు చేస్తాను, బండి నేల మీదున్నట్టే నాలుగు కాళ్ళ మీద ఉంది కదా, ఏం కాకూడదు, చూస్తూండండి అని స్పానరు వేసి తిప్పాడు, టక్ మంది, ఆర్ము ఉలిక్కిపడ్డట్టు కదిలింది, బండి వెనక మూల ఆవగింజంత కిందికి దిగింది, అయ్యో అంది ఆమె, అదీ సంగతి అన్నాడతను, బండిని పైకెత్తి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించారు దీన్ని, అప్పుడు రబ్బరు ఆ వేలాడే భంగిమలోనే అతుక్కుపోతుంది, బండిని కిందికి దించగానే మెలి పడుతుంది, ఇక పగలూ రాత్రీ, నిలబడ్డా నడిచినా మెలిపడే ఉంటుంది, పాపం ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది, చిరిగింది, చిరుగు లోపల చూడండి, దుమ్ము ఎంత పాతబడిందో, మొన్నటి చిరుగు కాదిది, మనిషిని పక్కకు తిప్పి కూర్చోబెట్టి కట్టేస్తే నడుం ఏమవుతుందో ఇదీ అంతే, బోల్టు ఆఖరి బిగింపు ఎప్పుడూ బండిని నేల మీద కూర్చోబెట్టాకే వెయ్యాలి, మాకు మొదటి రోజు చెప్పే పాఠమిది అన్నాడు, పాఠం ఆమెకు కొత్తది కాదు, తమ్ముడు పని నేర్చుకునే రోజుల్లో అన్నం కలుపుతూ చెప్పేవాడు, అక్కా, బండి గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే అది అబద్ధం బిగింపు, నేల మీద కూర్చున్నాక బిగిస్తేనే నిజం బిగింపు అని, ఆ రోజుల్లో వాడి గోళ్ళల్లో గ్రీజు ఎంత కడిగినా పోయేది కాదు, తనే పాత టూత్‌బ్రష్షుతో రుద్దేది, వాడు కితకితలని అరిచేవాడు, అంత తెలిసినవాడు, ఎవరి బండికైనా కింద పలకలు పేర్చి, కూర్చోబెట్టి, ఊపి చూసి మరీ బిగించేవాడు, అక్క బండికి ఎందుకలా బిగించలేదు, ఎందుకేముంది, అక్క బండి కాబట్టే, బయటివాళ్ళ బండయితే పని, అక్కదయితే పని మధ్యలో పని, ఓ పక్క ఫోను మాట్లాడుతూ, ఇంకో పక్క నవ్వుతూ, రేపు దించాక బిగిద్దాంలే అనుకుని, ఆ రేపు వచ్చేసరికి తనొచ్చి తాళం పట్టుకుపోయి ఉంటుంది, ఇంత చిన్న సంగతి, చెడు చేద్దామని ఎవరూ అనుకోలేదు, ఎవరూ అనుకోకుండానే ఒక మణికట్టు విరిగింది.

అంటే వెనక చక్రం జరిగితే స్టీరింగు ఏం చేస్తుందండీ అని అడిగింది, అడుగుతుంటే తన గొంతు శిష్యురాలి గొంతులా వినబడింది తనకే, మేస్త్రి టార్చి ఆర్పి నిలబడ్డాడు, అందరూ స్టీరింగంటే ముందు చక్రాలదే అనుకుంటారమ్మా, వెనక చక్రాలకూ స్టీరింగుంది, పట్టుకునే చెయ్యే లేదు, తిన్నటి రోడ్డు మీద తెలియదు, మలుపులో బరువంతా బయటి చక్రం మీద పడుతుంది, కుడి మలుపైతే ఈ ఎడమ చక్రం మీదే, రబ్బరు సరిగ్గా ఉంటే ఓర్చుకుంటుంది, చిరిగిందైతే లొంగిపోతుంది, చక్రం ఇంకాస్త బయటికి చూస్తుంది, తడిరోడ్డు, దానికితోడు యాక్సిలరేటరు వదిలితే బరువు ముందుకెళ్ళి వెనక తేలికవుతుంది, ఇక తోక బయటికి పోతుంది, నడిపేవాళ్ళు తిప్పకుండానే బండి తిరుగుతుంది అన్నాడు, తిప్పకుండానే తిరుగుతుంది, వెనకెవరో లాగుతున్నారు, మద్దెల నిజంగానే ఓడు, మరి ఇన్నాళ్ళూ స్టీరింగు తిన్నగానే ఉందే అంది, అవును, అంతకుముందు కొన్నాళ్ళు స్టీరింగు కాస్త ఎడమకు పట్టుకుంటేనే బండి తిన్నగా పోయేది, తమ్ముడితో చెబితే అరగంటలో సరిచేసిచ్చాడు, ఎవరన్నది చెప్పకుండా ఆ సంగతి చెప్పింది, మేస్త్రి నవ్వాడు, ఎలా సరిచేశారనుకున్నారు, వెనక వంకరను అలాగే ఉంచి, దానికి తగ్గట్టు ముందు చక్రాలు జరిపారు, స్టీరింగు నిటారుగా కూర్చుంది, తెర కూడా వెనక చూపును బట్టే ముందును కొలుస్తుంది కాబట్టి ముందువి పచ్చగా చూపిస్తోంది, మీకు సంతోషం, బండి మాత్రం రోడ్డు మీద పీతలా పోతోంది, వెనక చూడకుండా ముందు సర్దితే అంతేనమ్మా, ఒంటికి పట్టని చొక్కాకు బొత్తాలు మార్చి కుట్టినట్టు అన్నాడు, అని, కొత్త బుష్షులు పక్క షాపులో దొరుకుతాయి, ఓ గంట కూర్చుంటే వేసిస్తాను, వేయమంటారా అని అడిగాడు, వేయండి, వెనక టైర్లు కూడా మార్చేయండి, బుష్షులు మాత్రం బండిని కూర్చోబెట్టి బిగించండి అంది ఆమె, అతను మరీ అంత చెప్పాలా అన్నట్టు చూశాడు.

బెంచీ మీద కూర్చుంటే గోడ గడియారం, నీళ్ళ డ్రమ్ము, అరిగిన టైర్ల గుట్ట, సుత్తి చప్పుడు, ఆమె మనసు మాత్రం ఇంటి దగ్గరుంది, తమ్ముడితో ఎలా చెప్పాలి, ముందు వాడికే చెప్పాలి, ఒంటరిగా ఉన్నప్పుడు, భోజనం అయ్యాక, ఒరే, బుష్షు చిరిగిందిరా అని, ఎవరు బిగించారన్నది అననక్కర్లేదు, వాడికే తెలుస్తుంది, తెలిసి ముఖం వాడిపోతుంది, వాడి ముఖం వాడితే తను చూడలేదు, అమ్మ పోయినప్పుడు వాడికి నిక్కరు కూడా సరిగ్గా నిలిచేది కాదు, పేరున్న మెకానిక్కు, సొంత అక్క బండి, సొంత భార్య చెయ్యి, బయటికి తెలిస్తే వర్క్‌షాపు గతేమిటి, మరదలికి తర్వాత మెల్లిగా చెప్పొచ్చు, అదీ ఇలా కాదు, వానలు పోయాయి కదమ్మా, ఇప్పుడు మళ్ళీ మొదలుపెడదాం, టైర్లు కూడా మార్పించాను అని ధైర్యం చెబితే చాలు, వాడు జోకులు మానేస్తాడు, ఎందుకు మానేశాడో ఆమెకు తెలియనక్కర్లేదు, ఇల్లు సాఫీగా సాగిపోతుంది, ఎవరి పరువూ పోదు, ఉద్యోగం సంగతంటే, ఈ సాయంత్రం కాదనేస్తుంది, పోనీలే, ఇంకో ఉద్యోగం రాదా, వస్తుందా, మంచం మీంచి లేవలేనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు, నొప్పి తెలియకుండా గుచ్చే చేతులు ఎన్నుంటాయి, ఇలా అటూ ఇటూ సర్దుతూ సర్దుతూ బాగానే సర్దాననుకుంది, అంతా నిటారుగా కూర్చున్నట్టే ఉంది, ఎక్కడో కాస్త గరుకుగా తగులుతోంది గానీ ఏమిటో తెలియలేదు, ఇంతలో మేస్త్రి అయిపోయిందమ్మా, నాలుగూ పచ్చే అన్నాడు.

ఇంటికి దగ్గరి దారి బజారు మీంచి, ఆమె గిడ్డంగి దారి పట్టింది, ఎందుకు పట్టిందో చేతుల్ని అడగాలి, ఆ రోజు నుంచి ఈ మలుపు దగ్గర ఆమె కూడా బండిని బుజ్జగిస్తూ తిప్పేది, ఇప్పుడు రోడ్డు ఖాళీ, ఎండ వాలింది, ఎవరో రోడ్డు మీద ట్యాంకరు నీళ్ళు వదిలేసి పోయినట్టు మలుపంతా తడిగా ఉంది, కావాలనే పెట్టినట్టుంది, సరే చూద్దాం అనుకుని కుడికి తిప్పింది, మలుపు మధ్యలో కాలు తీసింది, బండి వెనక భాగం కదలలేదు, చెప్పిన మాట వినే పిల్లలా వెనకే వచ్చింది, ఇంత సుఖంగా తిరగాల్సిన బండా ఇది, ఇన్నాళ్ళూ దీన్ని ఎన్ని తిట్లు తిట్టుకుంది, శిష్యుల్ని ఎన్ని తిట్లు తిట్టింది, మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ తిప్పింది, ఈసారి తిప్పుతూ ఆ రోజును ఈ రోజు మీద పెట్టి చూసింది, కాలు తీసింది, ఇక్కడ, ఇక్కడే తోక ఎడమకు పోయింది, ముక్కు కుడికి, గిడ్డంగి గోడ వైపుకు తిరుగుతోంది, అప్పుడు మరదలి చేతులు, పక్క సీట్లోంచి చూసిన ఆ చేతులు, ఆకుపచ్చ గాజులు, ఎడమకు తిప్పాయి, చటుక్కున, తడబాటు లేకుండా, మలుపు కుడికి, స్టీరింగు ఎడమకి, ఆమె బండిని అక్కడికక్కడ పక్కకు తీసి ఆపేసింది, తోక ఎడమకు పోతే స్టీరింగు ఎటు తిప్పాలి, ఎడమకే, తోక ఎటు పోతే అటే, ఇరవయ్యేళ్ళుగా నోటితో చెబుతున్న పాఠం, చెప్పిందే గానీ జారే రోడ్డు మీద ఏ శిష్యుడి చేతా చేయించలేని పాఠం, మరదలికైతే ఇంకా చెప్పనే లేదు, తర్వాత చెబుదాంలే, భయపడుతుంది అనుకుంది, చెప్పకుండానే ఆ చేతులకు తెలిసింది, సూది గుచ్చే చేతులు కదా, నరం ఎటు జారితే అటు వెళ్ళటం వాటికి అలవాటే, ఇల్లంతా ఇన్ని నెలలుగా దేన్ని చూసి నవ్విందో అదొక్కటే ఆ మలుపులో జరిగిన మంచి డ్రైవింగు, ఆమెకు ఏడుపొచ్చింది, రోడ్డు పక్కన కూర్చుని ఏడిచే వయసు కాదని తెలుసు, అయినా వచ్చింది, తమ్ముడికి ముందు చెప్పటమా, భోజనమయ్యాకా, వాడి ముఖం వాడిపోతుందనా, మరి మరదలి ముఖం, టైర్లు మార్పించానని ధైర్యం చెప్పటమా, వెనక వంకరను అలాగే ఉంచి ముందు జరపటమంటే ఇదే కదా, ఇంకేముంది, ఎవరికి చెందిన మాట వాళ్ళకే ముందు చెప్పాలి, బండి స్టార్టు చేసింది, ఈసారి మలుపు చూడలేదు, టైము చూసింది.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు, ఏంటక్కా, ఎక్కడికెళ్ళావ్, నీ మరదలు నీకోసం చూసి చూసి ఫోను చేయబోతోంది, సెంటరువాళ్ళకి, రానని చెప్పటానికి, మంచిదేలే, ఊళ్ళో రోగులు బతికిపోతారు అన్నాడు, ఆమె అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది, మరదలు కిటికీ దగ్గర నిలబడి ఉంది, ఫోను ఎడమ చేతిలో ఉంది, ఆగు, చెయ్యకు, ముందు నా మాట విను అంది, ఏమైంది వదినా అలా ఉన్నారు, కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను అంది మరదలు, నీళ్ళొద్దు, నువ్వే కూర్చో అని చెప్పింది, చిరిగిన రబ్బరు గురించి, బయటికి చూసిన చక్రం గురించి, నువ్వు తిప్పకుండానే బండి తిరిగిందమ్మా, వెనకెవరో లాగారన్నావే, నిజంగానే లాగింది అని, గాల్లో వేలాడగా బిగించిన బోల్టు గురించి చెప్పేటప్పుడు గుమ్మంలో నీడ పడింది, ఒక బూటుతో నిలబడి ఉన్నాడు తమ్ముడు, ఆమె మాట తగ్గించలేదు, తగ్గించాలనిపించింది, తగ్గించలేదు, ఆ రోజు దించాక బిగిద్దామనుకున్నానక్కా, మర్చిపోయాను అన్నాడతను, మరదలు అతని వంక చూడలేదు, తన కుడి చేతి వంక చూసుకుంటోంది, మరి నేను ఎడమకి తిప్పాను కదా వదినా అని అడిగింది చిన్నగా, అదే సరైనదమ్మా, ఎవరైనా అదే చెయ్యాలి, చెయ్యగలిగినవాళ్ళు తక్కువ, నేను నేర్పలేదు, నువ్వే చేశావు అంది ఆమె, మరదలు కళ్ళు ఒత్తుకుంది, కొంగుతో కాదు, మణికట్టుతో, విరిగి అతుక్కున్న మణికట్టుతోనే, ఆపైన లెక్క సరిచూసుకునే మనిషిలా నుదురు ముడిచి, తోక ఎడమకి పోయింది, నేను ఎడమకి తిప్పాను, సరే, బండి సర్దుకోవాలి కదా, సర్దుకుంటోంది కూడా, నాకు చేతికి తెలిసింది, మరి అంతలో మళ్ళీ ఎందుకు జారింది వదినా అంది.

ఎందుకు జారింది, జవాబు ఆమె నోటి దగ్గర కాదు, కాలి దగ్గరుంది, తోక జారుతున్నప్పుడు బ్రేకు వేస్తే బరువు ఇంకా ముందుకు పడుతుంది, వెనక ఇంకా తేలికవుతుంది, ఎవరికి తెలియదీ సంగతి, గోడకు బొమ్మ అంటించి మరీ చెబుతుంది క్లాసులో, జారేటప్పుడు బ్రేకు ముట్టుకోకండి అని, అయినా ముట్టుకుంది, కాలు ముట్టుకుంది, అదృష్టం కాలు, ఇవాళంతా తమ్ముడి బోల్టుకో లెక్క, మరదలి చేతికో లెక్క వేస్తూ తన కాలును లెక్క బయట కూర్చోబెట్టింది, పొగిడారు కాబట్టి దాన్ని ఎవరూ తిరగేసి చూడలేదు, తనూ చూడలేదు, నా బ్రేకమ్మా, నువ్వు సర్దేశావు, నేను బ్రేకు వేసి చెడగొట్టాను అంది, అనటానికి ఎంత కష్టమనుకుందో అంత కష్టం కాలేదు, మరదలు ఆశ్చర్యంగా చూసింది, గుమ్మంలో తమ్ముడు తలెత్తి చూశాడు, ఎవరూ జోకు వేయలేదు, గోడ అవతల ఎవరి రేడియోనో వినబడుతోంది, మరదలు ఫోను ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుంది, నంబరు నొక్కింది, అవునండీ, నేనే, వస్తానండీ, ఆ, బండి నడపటం వచ్చు అంది, వచ్చు అన్న మాటను ఎక్కడా వణక్కుండా అంది, వింటూ నిలబడ్డ ఆమె మనసులో ఇన్ని నెలల గజిబిజి ఒక్కసారిగా సద్దుమణిగి ఒక్క సంగతి దగ్గర ఆగింది, ఆ మలుపులో బండిలో ఇద్దరున్నారు, వర్క్‌షాపులో ఒకడున్నాడు, పేరంతా అక్కాతమ్ముళ్ళిద్దరిదే, నడిపింది మాత్రం మరదలొక్కతే.